రోస్టర్‌లో రాయని గంటలు

(నరసరావుపేటలో జరిగిన మహిళా కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీ తాగుతుంటే రెంటచింతల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఏందమ్మాయ్, ఇంతమంది కూలికి పోయేవాళ్లం కూర్చుంటే నువ్వు విమానాల గురించి మాట్లాడతావంట. మాకూ విమానాలకూ ఏంది సంబంధం?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. నిర్వాహకులు ఈ అంశం ఇచ్చినప్పుడు నాకూ అదే అనిపించింది. మన పల్నాట్లో విమానం అంటే మిరప చేలో నడుం ఎత్తినప్పుడు కనపడేది. మాచర్ల వైపు వాళ్లకు మాత్రం విజయపురి సౌత్‌లోని చిన్న రన్‌వే తెలిసే ఉంటుంది. 2022 ఫిబ్రవరి 26న అక్కడి నుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి అవతలి ఒడ్డున పెద్దవూర మండలం పొలాల్లో కూలిపోయింది. నడుపుతున్న యువతి చనిపోయింది. ఆ ప్రమాదానికి అలసట కారణమని నేను అనడం లేదు. పని నేర్చుకుందామని మన దగ్గరికి వచ్చిన ఆడపిల్ల కాబట్టి ఆమెను తలుచుకోకుండా విమానాల మాట మొదలుపెట్టలేకపోయాను, అంతే.

నా గురించి రెండు మాటలు. మాది గురజాల దగ్గర పల్లె. మా అమ్మ ఇప్పటికీ మిరప కోతలకు పోతుంది. నేను పన్నెండేళ్లు విమానాల్లో కేబిన్ సిబ్బందిగా పని చేశాను. ఎయిర్‌హోస్టెస్ అంటే మీకు సులువుగా అర్థమవుతుంది. మానేసిన తర్వాత హైదరాబాద్‌లో ఉంటూ ఆ పనిలో ఉన్న ఆడపిల్లలకు యాజమాన్యాలు ఇచ్చే నోటీసులకు జవాబులు రాసిపెడుతున్నాను. ఏ కంపెనీలో చేశానో చెప్పను. ఒక కంపెనీ మీద కక్ష తీర్చుకోవడానికి రాలేదు. మాట్లాడదలచుకున్నది ఒకే ఒక్క విషయం, బడలిక. అది పనిచేసే మనిషి బలహీనతా, లేక ఆ మనిషి చేత పని చేయించేవాళ్లు కాగితం మీద రాసి ఇచ్చేదా?

2025 డిసెంబర్ మొదటి వారంలో మీరంతా టీవీలో చూసే ఉంటారు. దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగో విమానాల్లోనే ఎక్కుతారు. ఆ ఇండిగో విమానాలు వరసగా రద్దయ్యాయి. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా నిలిచిపోయాయి. శంషాబాద్‌లో, ఢిల్లీలో, బెంగుళూరులో జనం పెట్టెల మీద కూర్చుని ఏడ్చారు. పెళ్లిళ్లకు, చావులకు, పరీక్షలకు అందుకోలేకపోయారు. అప్పుడు మన చెవుల్లో పడ్డ మాట ఏమిటి? పైలట్లకు కొత్తగా విశ్రాంతి నిబంధనలు పెట్టారు, అందువల్లే ఇదంతా అని. వినేవాళ్లకు ఏమనిపిస్తుంది? ఎవరో సుఖపడాలని మన ప్రయాణం చెడగొట్టారనే కదా.

ఆ నిబంధనలేమిటో చూద్దాం. డీజీసీఏ అనే ప్రభుత్వ సంస్థ విమానయానాన్ని నియంత్రిస్తుంది. అది 2024 జనవరిలో పైలట్ల పనివేళల నిబంధనలు మార్చింది. వారానికి ఒకసారి ఇచ్చే విశ్రాంతి అంతకుముందు వరసగా 36 గంటలు. దాన్ని 48 గంటలు చేసింది, అందులో రెండు రాత్రులు కలిసి రావాలంది. రాత్రి డ్యూటీ అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 దాకా అని ఉండేది. దాన్ని 6 దాకా పొడిగించింది. రాత్రి డ్యూటీలో ఆరుసార్లు దాకా విమానం దించవచ్చని ఉండేది. దాన్ని రెండుకు తగ్గించింది. సెలవు పెట్టుకున్న రోజును వారపు విశ్రాంతి కింద జమ కట్టకూడదని కూడా చెప్పింది. ఇందులో విలాసం ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇవి 2024 జూన్‌లోనే అమలు కావాల్సింది. విమాన సంస్థలు వద్దన్నాయి, వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళితే, 2025 జూలై 1 నుంచి కొన్ని, నవంబర్ 1 నుంచి మిగతావి అని ఒప్పుకున్నారు. అంటే ప్రకటించిన రోజు నుంచి పూర్తిగా అమలయ్యే రోజు దాకా దాదాపు ఇరవై రెండు నెలలు. ఎంతమంది పైలట్లు కావాలో లెక్క వేసుకుని తీసుకోవడానికి అది చాలదా? ఉన్న మనుషులతోనే, ఇంకా ఎక్కువ విమానాలు నడపాలనుకున్నారు. లెక్క తప్పింది. తప్పినప్పుడు ఏం జరిగింది? ఆ సంస్థకు రాత్రి డ్యూటీల నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చారు. సెలవును విశ్రాంతిగా జమ కట్టకూడదన్న నియమాన్ని అందరికీ ఎత్తేశారు. తర్వాత ఆ సంస్థ నడిపే సర్వీసులను పది శాతం తగ్గించమన్నారు, విచారణ జరిపారు. అదీ నిజమే. కానీ ఇబ్బంది వచ్చిన మరుక్షణం కత్తెర ముందుగా పడింది మనిషి నిద్ర మీద. ఇది నాకు గుర్తుండిపోయింది. అప్పుడు ఆ శాఖ మంత్రి మన తెలుగువాడే, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. మనవాడు కదా అని అడగడం మానేస్తే సంఘాలెందుకు?

ఇక రోస్టర్ అంటే ఏమిటో చెప్పాలి. ఎవరు ఏ రోజు ఏ విమానంలో ఎన్నింటికి ఎక్కాలో చెప్పే పట్టిక. చూడటానికి చక్కగా ఉంటుంది. గళ్లు, అంకెలు, రంగులు. ఇప్పుడు ఆ పట్టికను కంప్యూటర్ తయారు చేస్తుంది. చట్టం పన్నెండు గంటలు విశ్రాంతి ఇవ్వమంటే అది పన్నెండు గంటలే ఇస్తుంది. అది కాగితం మీది పన్నెండు గంటలు. విమానం దిగాక లెక్కలు అప్పజెప్పాలి, వ్యాన్ కోసం నిలబడాలి, ఇంటికో హోటల్‌కో చేరాలి. మళ్లీ డ్యూటీకి చీర కట్టుకుని, జుట్టు ముడి వేసుకుని, ముఖానికి వాళ్లు చెప్పినంత రంగు పూసుకుని బయలుదేరాలి. తెల్లవారి నాలుగింటికి రిపోర్టింగ్ అంటే వ్యాన్ రెండున్నరకు వస్తుంది, నేను ఒకటిన్నరకు లేవాలి. డ్యూటీ లెక్క మాత్రం నాలుగు నుంచి మొదలవుతుంది. ఆ రెండున్నర గంటలు ఎవరివి? నావని వాళ్లంటారు.

స్టాండ్‌బై అని ఒకటుంది. పని ఉండదు, సెలవూ కాదు. ఫోన్ పక్కన పెట్టుకుని, పిలిస్తే వెంటనే బయలుదేరేలా ఉండాలి. అలాంటి రోజు నిద్ర పట్టదు. కన్ను మూతపడగానే ఫోన్ మోగినట్టు అనిపిస్తుంది. బాలింతకు పిల్ల ఏడుపు వినపడినట్టు. మూడు రోజులు తెల్లవారుజాము డ్యూటీలు వేసి నాలుగో రోజు రాత్రి డ్యూటీ వేస్తారు. అంకెల ప్రకారం అంతా సక్రమమే. ఒంటికి మాత్రం పగలేదో రాత్రేదో తెలియదు.

మన ఊళ్లలో అలుపు, బడలిక అని రెండు మాటలున్నాయి. అలుపు కాసేపు చెట్టు కింద కూర్చుంటే పోతుంది. బడలిక అలా పోదు. రోజురోజుకూ పేరుకుంటుంది, వడ్డీ అప్పులాగ. శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. రాత్రి రెండు నుంచి ఆరు దాకా మనిషి శరీరం అన్నిటికన్నా మందంగా ఉండే సమయం. ఎంత అలవాటున్నవాళ్లకైనా అంతే. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. వరసగా పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోయిందని తేల్చారు. మన దేశంలో బండి నడిపేవాడికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.03. అంటే పదిహేడు గంటలు మేలుకున్నవాడు చట్టం దృష్టిలో తాగినవాడికన్నా అధ్వాన్నంగా ఉన్నాడన్నమాట. డ్యూటీకి ముందు మా చేత గొట్టంలో ఊదించేవారు, తాగామేమోనని. మంచిదే, ఊదించాలి. ఎన్ని గంటలు నిద్రపోయావమ్మా అని మాత్రం పన్నెండేళ్లలో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా కథ. గొప్ప కథేమీ కాదు, ఎవరూ చనిపోలేదు. ఆ వారం స్టాండ్‌బైలో పిలుపు వచ్చి, రాత్రంతా నాలుగు సెక్టార్లు ఎగిరాను. సెక్టార్ అంటే ఒకసారి లేచి ఒకసారి దిగడం. ఆఖరిది తెల్లవారి ఆరున్నరకు దిగింది. విమానం తలుపుకు లోపలివైపు గాలితో ఉబ్బే జారుడు బల్ల మడిచి ఉంటుంది. ఎగిరేటప్పుడు దాన్ని సిద్ధంగా ఉంచుతాం, మంటలొస్తే తలుపు తెరవగానే విచ్చుకోవడానికి. దిగాక తలుపు తెరిచే ముందు దాన్ని విప్పేయాలి. ఈ పని నేను కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. ఆ రోజు విప్పాననే అనుకున్నాను. విప్పినట్టు చెప్పాను కూడా. పిడి మీద చెయ్యి వేసి ఎత్తబోతుంటే, ఎదుటి తలుపు దగ్గరున్న అమ్మాయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. తలుపు మీద తెల్ల దీపం వెలుగుతోంది, బల్ల సిద్ధంగా ఉందని. ఆ దీపం వైపు నేను చూశాను. చూశాను గానీ కనపడలేదు. ఎత్తి ఉంటే కిందున్న పనివాళ్ల మీద అది పేలినట్టు విచ్చుకునేది. మెడ విరిగి పోవచ్చు.

విషయం పైకి తెలిసింది. నన్ను పిలిచి సంజాయిషీ అడిగారు. వాళ్లిచ్చిన కాగితంలో కారణం దగ్గర రెండు మాటలే ఉన్నాయి, నిర్లక్ష్యం, అజ్ఞానం. ఏదో ఒకదాని పక్కన గుర్తు పెట్టాలి. అజ్ఞానం అంటే మళ్లీ శిక్షణకు పంపుతారు, జీతం పోతుంది. నిర్లక్ష్యం మీద గుర్తు పెట్టి సంతకం చేశాను. ఇంటికెళ్లి వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఆ తలుపు దగ్గర నిలబడేసరికి నేను ఇరవై రెండు గంటలుగా మేలుకుని ఉన్నాను. ఆ లెక్క రాయడానికి ఆ కాగితంలో గడి లేదు. నాకు కోపం వచ్చింది వాళ్ల మీద కాదు, నా మీద. నిర్లక్ష్యం అని నేనే ఒప్పుకున్నాను కదా! అది నా నిర్లక్ష్యం కాదని నాకే తెలియడానికి రెండేళ్లు పట్టింది.

మంగళూరు సంగతి చెబితే ఈ భయం ఎంతదో అర్థమవుతుంది. 2010 మే 22. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం దుబాయ్ నుంచి వస్తోంది. గల్ఫ్‌లో పనిచేసే కుటుంబాలు, చంటిపిల్లలు. మొత్తం 166 మంది. అదే సిబ్బంది ముందు రోజు రాత్రి మంగళూరు నుంచి బయలుదేరి, దుబాయ్‌లో గంటన్నర లోపే ఆగి, వెంటనే తిరుగు ప్రయాణం పట్టారు. ఉదయం ఆరు దాటిన కొద్ది నిమిషాలకు కొండ మీది రన్‌వే మీద దిగబోయి, ఆగలేక లోయలోకి పడి కాలిపోయింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మందే బతికారు. విమానంలో మాటలు రికార్డు చేసే యంత్రం దొరికింది. రెండు గంటల రికార్డులో మొదటి గంటా నలభై నిమిషాలు కెప్టెన్ మాట లేదు, గురక ఉంది. నిద్ర లేచిన మనిషికి వెంటనే తెలివి కుదురుకోదు. ఆ మత్తులోనే ఆయన ఎక్కువ ఎత్తు నుంచి వచ్చి, ఎనిమిది వేల అడుగుల రన్‌వేలో ఐదు వేల అడుగులు దాటాక చక్రాలు ఆనించాడు. పక్కనున్న కో పైలట్ మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు. అంటే దించొద్దు, మళ్లీ పైకి లేపు అని. కెప్టెన్ వినలేదు. కో పైలట్ చెప్పి ఊరుకున్నాడు, చేతిలోకి తీసుకోలేదు.

నేను ఆ విచారణ వివరాలు చదివినప్పుడు ఆగిపోయింది ఆ మూడుసార్ల దగ్గర. తప్పు జరుగుతోందని తెలిసిన మనిషి పక్కనే ఉన్నాడు, నోరు విప్పి చెప్పాడు కూడా. పెద్దవాడు వినకపోతే ఏం చేయాలో మనకు ఇంట్లోనూ నేర్పరు, బళ్లోనూ నేర్పరు, ఉద్యోగంలోనూ నేర్పరు. నా మణికట్టు పట్టుకున్న అమ్మాయి నాకన్నా ఆరేళ్లు చిన్నది. పట్టుకోకూడదనుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆ మంగళూరు విమానంలో కేబిన్ సిబ్బంది నలుగురూ చనిపోయారు. కెప్టెన్ నిద్ర గురించి దేశమంతా మాట్లాడింది. ఆ నలుగురూ ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నారో ఎవరైనా మాట్లాడగా నేను వినలేదు.

ఇక్కడే ఆడవాళ్ల సంగతి వస్తుంది. కేబిన్ సిబ్బంది అంటే కాఫీ ఇచ్చేవాళ్లు అని జనం అనుకుంటారు. యాబై సీట్లకు ఒకరు చొప్పున మేం ఉండి తీరాలన్న నియమం కాఫీ కోసం పెట్టింది కాదు. సగం తలుపులు పనిచేయకపోయినా తొంబై సెకన్లలో విమానం ఖాళీ చేయగలమని నిరూపిస్తేనే ఆ విమానానికి అనుమతి. ఆ తొంబై సెకన్ల కోసమే మమ్మల్ని ఎక్కిస్తారు. అయినా చట్టం మమ్మల్ని చాలాకాలం అలంకారంగానే చూసింది. ఎయిర్ ఇండియాలో ఎయిర్‌హోస్టెస్ 35 ఏళ్లకు దిగిపోవాలి, చేరిన నాలుగేళ్ల లోపు పెళ్లి చేసుకుంటే దిగిపోవాలి, మొదటిసారి గర్భం వస్తే దిగిపోవాలి అని ఉండేది. అదే విమానంలో పనిచేసే మగవాళ్లు 58 దాకా ఉండేవారు. నర్గేష్ మీర్జా, ఆమె తోటివాళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1981 ఆగస్టులో తీర్పు వచ్చింది. గర్భం వస్తే తీసేయడం చెల్లదన్నారు. 35 తర్వాత కొనసాగించడం మేనేజింగ్ డైరెక్టర్ ఇష్టానికి వదిలేయడం కూడా తప్పన్నారు. కానీ నాలుగేళ్లు పెళ్లి వద్దనే షరతు మాత్రం సబబేనన్నారు! ఆ తీర్పును మన సంఘాల్లో సమానత్వం పాఠంగా చదువుతాం, చదవాలి కూడా. నాకు మాత్రం ఇంకోటి కనపడుతుంది. వయసు, పెళ్లి, కడుపు అన్నీ కోర్టుకెక్కాయి. మా నిద్ర కోర్టుకెక్కడానికి చాలాకాలం పట్టింది, అది కూడా పైలట్ల వెనక. పైన చెప్పిన 2024 సవరణ పైలట్లకు సంబంధించినది. కేబిన్ సిబ్బందికి వేరే నిబంధనలున్నాయి.

బయటి దేశాల్లోనూ ఇంతే ఆలస్యం. అమెరికాలో విమాన సిబ్బంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే, రెండు డ్యూటీల మధ్య పది గంటల విశ్రాంతి ఇవ్వాలని 2018లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. నియమంగా రావడానికి 2022 అక్టోబర్ దాకా పట్టింది. అప్పటిదాకా తొమ్మిది గంటలు, అవసరమైతే ఎనిమిది. పైలట్ల నియమం మారింది ఒక ప్రమాదం తర్వాత. 2009 ఫిబ్రవరిలో బఫలో ఊరి దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం ఒక ఇంటి మీద కూలి 50 మంది చనిపోయారు. కో పైలట్ 24 ఏళ్ల అమ్మాయి. డ్యూటీ ఊరు న్యూయార్క్ పక్కన, ఆమె ఉండేది దేశానికి ఆ చివర సియాటిల్‌లో. డ్యూటీ ఊళ్లో గది తీసుకునేంత జీతం రాదు. ముందు రాత్రంతా సరుకుల విమానాల్లో కూర్చుని వచ్చి, సిబ్బంది గదిలో కునుకు తీసి డ్యూటీ ఎక్కింది. బడలిక ఎంతవరకు కారణమో తేల్చలేకపోయారు గానీ, ఇద్దరు పైలట్లూ బడలికతోనే ఉండి ఉంటారని విచారణ సంస్థ చెప్పింది. చనిపోయినవాళ్ల కుటుంబాలు ఊరుకోలేదు. ఫొటోలు పట్టుకుని పార్లమెంటు చుట్టూ తిరిగారు. 2010లో చట్టం, 2014 జనవరి నుంచి కొత్త విశ్రాంతి నియమాలు వచ్చాయి. ప్రయాణికుల కుటుంబాలు పైలట్ల నిద్ర కోసం పోరాడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. మన దగ్గర డిసెంబర్‌లో ప్రయాణికులు పైలట్లను తిట్టారు.

మరి బడలికగా ఉంది, ఎగరలేను అని చెప్పవచ్చు కదా అంటారు. చెప్పవచ్చని నిబంధనల్లో ఉంది. కానీ మా జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటల మీద వచ్చేది. ఎగరకపోతే ఆ నెల అద్దె కట్టలేం. ఈ మాట మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. మిరప కోతలో కిలోకింత అని కూలి ఇచ్చినప్పుడు నడుం నొప్పని కూర్చున్న మనిషి ఎంత పోగొట్టుకుంటుందో మీకు తెలుసు. నీ ఒళ్లు నీ ఇష్టం, కూర్చోవచ్చు అంటారు మేస్త్రి గారు.

ఇంకొక సంగతి మా యూనియన్ మీటింగుల్లో మగవాళ్లకు ఎంత చెప్పినా ఎక్కేది కాదు. విశ్రాంతి పన్నెండు గంటలు అని రాసినవాడు ఆ పన్నెండు గంటలు ఇంట్లో ఇంకెవరో వండిపెడతారని అనుకుని రాశాడు. నాతో ఎగిరిన మగ పిల్లలు ఇంటికెళ్లి తిని పడుకునేవాళ్లు. నేను ఇంటికెళ్లేసరికి పిల్లను బడికి తయారు చేసే వేళ. ఆ తర్వాత గిన్నెలు, బట్టలు, మా అత్తగారి మందులు. రాత్రంతా మేలుకుని వచ్చిన కోడలు పగటిపూట మంచం ఎక్కితే చుట్టుపక్కలవాళ్లు ఏమంటారో కూడా ఒక లెక్కే. పడుకునేసరికి పన్నెండు, నాలుగున్నరకు పిల్ల బడి నుంచి వచ్చేస్తుంది. రోస్టర్‌లో ఆ రోజు నాకు పూర్తి విశ్రాంతి!

ఇక పెద్దమ్మ అడిగిన దానికి వస్తాను. 2023 మే 17న దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర ఆటోను లారీ ఢీకొంది. దామరచర్ల వైపు నుంచి గురజాల మండలానికి మిరప పనికి వస్తున్న ఆడకూలీలు చనిపోయారు. 2025 ఫిబ్రవరి 9న ముప్పాళ్ల మండలం బొల్లవరం దగ్గర ట్రాక్టర్ తిరగబడి మిరప కోతల నుంచి ఇంటికి వెళుతున్న నలుగురు ఆడవాళ్లు చనిపోయారు. ఈ రెండింటికీ డ్రైవర్ బడలికే కారణమని నేను చెప్పడం లేదు, నాకు ఆ హక్కు లేదు. ఇలాంటి ప్రతి వార్తలోనూ అతివేగం, పరిమితికి మించి ఎక్కించుకోవడం అని చదువుతాం. ఆ రోజు డ్రైవర్ ఎన్నింటికి లేచాడు, అంతకుముందు ఎన్ని ట్రిప్పులు వేశాడు అన్నది చదివిన గుర్తు నాకు లేదు. పైలట్ నిద్ర గురించి అడగాలంటే కనీసం ఒక కాగితం ఉంది. అబద్ధమో నిజమో, రోస్టర్ అనేది ఒకటుంది. ఆటోకు రోస్టర్ లేదు. కూలికి పోయే ఆడమనిషికి అసలే లేదు. మా అమ్మ రోజు ఎనిమిది గంటల పని అంటారు. ఆమె మూడింటికి లేచి వండి, క్యారేజీ కట్టి, ఐదింటికి ఆటో ఎక్కి, సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి మళ్లీ పొయ్యి వెలిగించేది ఎవరి లెక్కలోనూ లేదు. కల్లంలో తాలు కాయలు ఏరే రోజుల్లో ఇంకా ఆలస్యం.

కాగితం ఉన్నవాళ్లకైనా గీత జరుగుతూనే ఉంది. 2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికి ఆమోదం తెలిపింది. ఆడవాళ్లు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టులు చేయవచ్చని, ఇంటి నుంచి వాహనం ఏర్పాటు చేయాలని కూడా అందులో ఉంది. రాత్రి పని ఆడవాళ్లకు వద్దని నేను అనను. నేను చేసిందే రాత్రి పని. దాన్ని వద్దంటే మళ్లీ పాతకాలానికి పోతాం. కానీ స్పిన్నింగ్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి వ్యాన్ ఎక్కిన అమ్మాయి ఇంటికెళ్లి ఎన్ని గంటలు పడుకుంటుందో అడిగే గడి ఏ ఫారంలో ఉంది? ఒప్పుకుంటే అన్న మాట కూడా ఒకసారి ఆలోచించండి. నేనూ నిర్లక్ష్యం అని ఒప్పుకుని సంతకం పెట్టినదాన్నే.

మేం చేసింది చిన్న పని. నా తలుపు సంగతి జరిగాక ఆరుగురం కలిసి నోటు పుస్తకాలు పెట్టుకున్నాం. ఎన్నింటికి లేచాం, ఎన్నింటికి వ్యాన్, ఎన్నింటికి డ్యూటీ, ఎన్నింటికి ఇల్లు, ఇంట్లో ఏం పని, ఎన్నింటికి కన్ను మూశాం. ఇంతే. రోజూ రాయడం కష్టం, నిద్ర ముంచుకొస్తుంటే పెన్ను పట్టబుద్ధి కాదు. ఇద్దరు మధ్యలో మానేశారు. నా హెచ్చరిక పత్రం రద్దు కాలేదు, నా ఫైల్లో అలాగే ఉంది. కానీ ఏడాది తర్వాత ఆ ఆరుగురిలో ఒక అమ్మాయికి నోటీసు వచ్చినప్పుడు ఆమె పుస్తకం పట్టుకుని వెళ్లింది. వాళ్ల రోస్టర్ ఒక పక్కన, ఆమె పుస్తకం ఒక పక్కన పెట్టి, తేదీల వారీగా చదివింది. విచారణ చేసేవాళ్లు రెండోసారి ఆమెను పిలవలేదు. కారణం చెప్పలేదు, పిలవలేదు, అంతే.

ఇప్పుడు మీలో అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలున్నారు, నర్సులున్నారు, మిల్లు పనివాళ్లున్నారు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్లు ఉన్నారు. మీ రిపోర్టుల్లో కూలి రేటు రాస్తారు, అప్పు రాస్తారు. లేచిన టైమూ పడుకున్న టైమూ కూడా ఒక వరస కలపండి. ఆటో డ్రైవర్లను కూడా అడగండి, వాళ్లు మన శత్రువులు కారు. చాలామంది మన ఇంటివాళ్లే. చదువు రానివాళ్లకు బడిపిల్లలు రాసిపెడతారు. ఒక పల్లెలో ఒక సీజను రాస్తే చాలు, లేబర్ ఆఫీసుకు వెళ్లినప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

వెనక బల్ల మీద కొన్ని పుస్తకాలు పెట్టాను, తీసుకోండి. పైనున్న పాత పుస్తకం మాత్రం తీసుకోకండి, చూసి అక్కడే పెట్టండి. అది మా అమ్మది. పోయిన కోతల్లో మా మేనకోడలు రాసిపెట్టింది. మొదట్లో అమ్మ నవ్వింది, నేను లేచిన టైము నీకెందుకే అని. నాలుగో రోజు నుంచి రాత్రి పడుకోబోయే ముందు తనే పిల్లను పిలిచి, "రాయవే, తొమ్మిదీ ముప్పావు" అని చెప్పేదట. మొదటి పేజీలో ఒకచోట కొట్టివేత ఉంటుంది. పిల్ల మూడు గంటలకు లేచింది అని రాస్తే, మూడు కాదు, రెండూ యాబై, పది నిమిషాలు ఎందుకు తగ్గిస్తావని అమ్మ దిద్దించింది.

పిడుగురాళ్ల వైపు వెళ్లేవాళ్ల ఆటో భోజనాలు కాగానే బయలుదేరుతుందని ఇప్పుడే చీటీ పంపారు. అడగాల్సినవి ఉంటే ముందు వాళ్లు అడగండి.